గొడవ తర్వాత తిరిగొచ్చిన ఊరికి బియ్యం లారీ పంపే ముందు

తమ్ముడూ, వందనాలు. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలో మోహనా దాటి దారింగిబాడి వైపు కొండల్లో ఒక ఊరు, రెండు వర్గాల గొడవలో ఇళ్ళు వదిలేసి పారిపోయిన 40 కుటుంబాలు, నాలుగు నెలలు చుట్టాల ఇళ్ళలోనూ అడవి అంచునా తలదాచుకొని ఇప్పుడు తిరిగొచ్చారు. పర్లాకిమిడిలో మీ యూత్ ఫెలోషిప్ వాళ్ళు 1,80,000 రూపాయలు పోగు చేశారు. క్రిస్మస్ లోపు ఒక లారీలో బియ్యం, పాలపొడి, పాత బట్టలు, బైబిళ్ళు వేసుకెళ్ళి, చిన్న ఆరాధన పెట్టి పంచుదామనుకుంటున్నారు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగావు. నేనూ మన పర్లాకిమిడి వాణ్ణే. ఒక క్రైస్తవ సంఘం సహాయ విభాగంలో 22 ఏళ్ళు పనిచేశాను, 2008లో కంధమాల్ శిబిరాల దగ్గర, 2018లో తిత్లీ తుఫాను తర్వాత మన గజపతి జిల్లాలో, మధ్యలో రెండేళ్ళు దక్షిణ సూడాన్‌లో. మీ మనసు మంచిది, ఆ డబ్బు ఇచ్చినవాళ్ళలో కూలి చేసుకునేవాళ్ళు కూడా ఉంటారని నాకు తెలుసు. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా, ముందు ఆ లారీ ఆపండి. మీరు వెళ్ళండి, లారీ మాత్రం ఇప్పుడే వద్దు.

ఎందుకంటే ఆ తప్పు మేం చేశాం. 2008 ఆగస్టు 23న జలేస్పటా ఆశ్రమంలో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి గారి హత్య జరిగింది, ఆ తర్వాత కంధమాల్ అంతా క్రైస్తవుల మీద హింస చెలరేగింది, వేలమంది వానాకాలంలో అడవుల్లో పడుకున్నారు, తర్వాత జి. ఉదయగిరి, రైకియా లాంటి చోట్ల శిబిరాల్లో ఉన్నారు. మరుసటి ఏడు ఒక ఊరికి తిరిగొచ్చిన 27 కుటుంబాలకి మేం నెల సరుకు పంచాం. రోడ్డుకి ఇటువైపు మన విశ్వాసులు, అటువైపు కంధ గిరిజన కుటుంబాలు. అటువైపు వాళ్ళు అరుగుల మీద కూర్చొని ప్రతి బస్తా దిగడం చూస్తూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది గొడవలో చేయి వేసినవాళ్ళు కారు. ఆ ఏడు సంతలు మూతపడి, పసుపు అమ్ముకోలేక వాళ్ళూ అప్పుల్లోనే ఉన్నారు, వాళ్ళ పిల్లల కాళ్ళూ చేతులూ పుల్లల్లాగే ఉన్నాయి. మేం అవేవీ చూడలేదు. మా జాబితాలో బాధితులు అని ఒకటే గడి ఉంది, అందులో పేరు ఉంటే బస్తా, లేకపోతే లేదు. వారం తిరక్కముందే ఊరి బావి దగ్గర మనవాళ్ళ కుండలు పగిలాయి. ఒక ముసలావిడ మొహం మీదే అందట, మీ దేవుడు మీకు లారీ పంపాడుగా, నీళ్ళు కూడా ఆయన్నే పంపమనండి అని. నెల రోజుల్లో ఆరు కుటుంబాలు మళ్ళీ బరంపురం వెళ్ళిపోయాయి, ఇటుక బట్టీల్లో కూలికి. ఆ ఆరిళ్ళ తలుపులు మూసి ఉండటం చూసినప్పుడల్లా నాకు మేం పంచిన బస్తాలే గుర్తొచ్చేవి.

కాబట్టి మొదటి మాట, ఇచ్చేది ఊరికి ఇవ్వండి, మన సంఘానికి కాదు. అవసరం ఎవరికి ఉందో వాళ్ళకి, ఇటువైపైనా అటువైపైనా. ఇది ఎవరో బయటివాళ్ళు మన మీద పెట్టిన షరతు అనుకోవద్దు. సాయాన్ని మతపరమైన, రాజకీయమైన ఉద్దేశాలకి వాడకూడదు, అవసరాన్ని బట్టే ఇవ్వాలి అని 1994లో రెడ్‌క్రాస్ వాళ్ళతో కలిసి ఒక నియమావళి రాసుకున్న సంస్థల్లో కాథలిక్కుల సహాయ సంస్థ కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి కూడా ఉన్నాయి. అంటే ఆ మాట మన ఇంటివాళ్ళు రాసుకున్నదే.

ఇక డబ్బు లెక్క చూద్దాం, ఇక్కడే మీరు ఎక్కువ ఆలోచించాలి. ఒక మనిషికి రోజుకి సుమారు 2,100 కేలరీలు కావాలని సహాయ సంస్థలు లెక్క పెట్టుకుంటాయి. దాన్ని సరుకులోకి మారిస్తే మనిషికి రోజుకి బియ్యం 400 గ్రాములు, పప్పు 60, నూనె 25, ఉప్పు 5, పైన పిల్లలకి కొంచెం బలమైన పిండి. అయిదుగురున్న ఇంటికి నెలకి 60 కిలోల బియ్యం, 9 కిలోల పప్పు, నాలుగు కిలోలకి కాస్త తక్కువ నూనె. ఇప్పుడు 40 ఇళ్ళకి వేసుకో. బియ్యం ఒక్కటే 2,400 కిలోలు, కిలో 40 అనుకున్నా 96,000 రూపాయలు. పప్పు, నూనె, లారీ కిరాయి కలిపితే మీ డబ్బు నెల రోజులకి సరిపోతుంది. ఆ తర్వాత? వాళ్ళు ఈ ఏడు విత్తనం వేయలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో చోళ్ళు, అంటే రాగులు, నూర్చుకుంటుంటే వీళ్ళ గాదెలు ఖాళీగా ఉన్నాయి. మామూలు ఏడాదిలో కొండమీద ఆకలి ఆషాఢ శ్రావణాల్లో వస్తుంది, వీళ్ళకి ఫిబ్రవరిలోనే వస్తుంది, మళ్ళీ పంట చేతికొచ్చే నవంబరు దాకా ఉంటుంది. నెల సరుకుతో దాన్ని దాటలేరు.

అదే రేషన్ కార్డు సంగతి చూడు. మనిషికి నెలకి 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితంగా వస్తున్నాయి, అంత్యోదయ కార్డైతే ఇంటికి 35 కిలోలు. 40 ఇళ్ళు, ఇంటికి అయిదుగురు అంటే నెలకి ఒక టన్ను బియ్యం, అదీ ప్రతి నెలా. పారిపోయి వచ్చినవాళ్ళలో ఎంతమంది కార్డులు కాలిపోయాయో, ఎంతమందికి ఆధార్ లేదో, నాలుగు నెలలు సరుకు తీసుకోలేదని ఎవరి పేరైనా పోయిందో, పుట్టిన పసిపిల్లల పేర్లు ఎక్కలేదో ముందు అది తేల్చండి. మీలో డిగ్రీ చదివిన పిల్లలు నలుగురు, ఒరియా రాయడం వచ్చినవాళ్ళు, పది రోజులు అక్కడ కూర్చొని ఫారాలు నింపి, జిరాక్సులు తీయించి, ముసలివాళ్ళని జీపులో బ్లాకు ఆఫీసుకి తీసుకెళ్ళి తీసుకొస్తే పాతిక వేలు దాటదు. నా 22 ఏళ్ళలో ఒక్క రూపాయికి ఎక్కువ బియ్యం వచ్చిన పని ఇదే. ఫొటోలో బాగుండదు, ఎవరూ దండ వేయరు, కానీ పని అదే. పనిలో పనిగా ఎవరి ఇల్లు ఎంత దెబ్బతింది, ఏం పోయింది, ఫిర్యాదు కాగితం ఉందా అన్నది కూడా ఒక పుస్తకంలో రాసి ఫొటోలు తీసి పెట్టండి. కంధమాల్ కేసులో ఇళ్ళు పూర్తిగా పోయినవాళ్ళకి అదనంగా 70,000, కొంత దెబ్బతిన్నవాళ్ళకి 30,000 ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2016 ఆగస్టులో, అంటే ఎనిమిదేళ్ళకి. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా చేతిలో కాగితం ఉంటేనే మనిషి అడగగలడు.

బియ్యం అస్సలు వద్దని కాదు. కార్డులు కుదిరేదాకా ఆగలేని ఇళ్ళు ఉంటాయి, భర్త పోయిన ఆడవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, పసిపిల్లల ఇళ్ళు. వాళ్ళకి వెంటనే ఇవ్వండి. మిగతావాళ్ళకి పప్పు, నూనె, అయోడిన్ ఉప్పు ఇస్తే మంచిది, ఎందుకంటే రేషన్‌లో వచ్చేది బియ్యం, దానితో పాటు తినేదానికే కరువు. ఆ పప్పు మాత్రం పర్లాకిమిడిలో కొనొద్దు. ఆ ఊళ్ళోనే, రోడ్డుకి అటువైపు వాళ్ళ దగ్గర కందులు ఉంటాయి, వాళ్ళ దగ్గర సంత ధరకి కొనండి. ఇది మాకు ఆలస్యంగా తట్టింది. ఒక ఊళ్ళో రెండు క్వింటాళ్ళ కందులు కంధ ఇళ్ళ నుంచి కొని, తిరగలి పట్టే పని ఇటువైపు ఆడవాళ్ళకి కూలికి ఇచ్చి, పప్పు రెండు వైపులా అవసరం ఉన్న ఇళ్ళకి ఇచ్చాం. తూకం వేసే రోజున రెండు వైపుల ఆడవాళ్ళు ఒకే కాటా దగ్గర నిలబడ్డారు, మొదట ఎవరూ మాట్లాడుకోలేదు, తర్వాత ఎవరో రాళ్ళు తీసిన తీరు బాగాలేదని దెబ్బలాడుకున్నారు. ఆ దెబ్బలాట విని నాకు ఎంత సంతోషం వేసిందో, అది మామూలు ఊళ్ళో జరిగే దెబ్బలాట.

ఇప్పుడు పిల్లలు. దయచేసి ఇది శ్రద్ధగా చదువు. చాలా రోజులు సరిగ్గా తినని పిల్లవాడికి ఒక్కసారిగా కడుపునిండా అన్నం పెట్టడం ప్రమాదం. ఒంట్లో లవణాలు అప్పటికే అడుగంటి ఉంటాయి, ఒక్కసారిగా తిండి పడేసరికి రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ లాంటివి పడిపోయి గుండె ఆగిపోవచ్చు. ఆసుపత్రిలో కూడా అలాంటి పిల్లలకి మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పలచని పాలు, 100 మిల్లీలీటర్లకి 75 కేలరీలు మాత్రమే, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా పడతారు, కుదుటపడ్డాకే బలం పెంచుతారు. కాబట్టి విందు పెడదాం, బిర్యానీ వండుదాం అనే ఆలోచన ఉంటే మానండి. ఆశా అక్కనో అంగన్‌వాడీ అక్కనో వెంటబెట్టుకొని ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలందరికీ, రెండు వైపులా, దండచేతి చుట్టుకొలత టేపుతో చూపించండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే, లేదా రెండు పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే, ఆ బిడ్డని అదే రోజు ఆసుపత్రికి పంపాలి, దగ్గర్లోని ఎన్‌ఆర్‌సీలో, అంటే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్పించాలి. 11.5కీ 12.5కీ మధ్య ఉంటే ఇంట్లోనే అదనపు తిండి, వారం వారం మళ్ళీ కొలత. ఎన్‌ఆర్‌సీ అంటే తల్లి రెండు వారాల దాకా అక్కడే ఉండాలి, ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు, కూలి ఎవరిస్తారు అని తల్లులు వెళ్ళరు. మీ డబ్బులో కొంత దీనికి తీసిపెట్టండి, బస్సు ఛార్జీలు, తల్లికి కూలి, ఇంట్లో పిల్లలకి వండిపెట్టే ఒక పెద్దావిడకి కూలి. ఒక బిడ్డ బతకడానికి నాలుగైదు వేలు.

పాలపొడి డబ్బాలు వెనక్కి ఇచ్చేయండి. చంటిపిల్లల తల్లులు పాలపొడి దొరికిందని తమ పాలు తగ్గిస్తారు, అక్కడి నీళ్ళు మంచివి కావు, సీసా కడగడానికి వేడినీళ్ళు ఉండవు, విరేచనాలు పట్టుకుంటాయి. దాని బదులు తల్లికి తిండి పెట్టండి, బిడ్డకి పాలు ఆమే ఇస్తుంది. ఇంకొకటి, ఆ ఇళ్ళలో మామిడి టెంకలు దాచిపెట్టి ఉన్నాయేమో చూడండి. టెంకలోని జీడిని పిండి చేసి అంబలి కాచుకోవడం కొండమీద పాత అలవాటే, కానీ వానల్లో బూజు పట్టిన జీడి విషం. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో అలాగే మనుషులు చనిపోయారు. జీడి అంబలి తాగుతున్న ఇల్లు కనిపిస్తే అది అలవాటు అని వదిలేయకండి, ఇంట్లో ఇంకేం ధాన్యం ఉందో చూడండి, ఆ ఇంటి పేరు మీ జాబితాలో మొదట రాయండి. పాత బట్టలు కూడా వద్దు, చిరిగిన చీర విప్పి చూసుకున్న ఆడమనిషి మొహం నేను చూశాను. డిసెంబరు చలికి ఇంటికి రెండు కొత్త దుప్పట్లు చాలు.

ఆరాధన గురించి. నేను విశ్వాసిని, ప్రార్థన లేకుండా నేను ఒక్క ఊరికీ వెళ్ళలేదు. కానీ బస్తా ఉన్నచోట ప్రార్థన పెట్టకండి, బియ్యంతో పాటు బైబిలు ఇవ్వకండి. మన ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ దొర గారి సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని ఎంతమంది అడిగినా ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వచ్చినవాడి మనసుకే ఆ అనుమానం ఉండకూడదని. కరువు పని ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆయన ఆగడం వల్ల సువార్తకి ఏం నష్టం వచ్చింది చెప్పు.

మన ఒడిశాలో చట్టం కూడా ఉంది, 1967 నాటిది. బలవంతంగా, మోసంతో, ప్రలోభపెట్టి మతం మార్చడం నేరం, డబ్బైనా వస్తువైనా కానుకగా ఇవ్వడం ప్రలోభం కిందికే వస్తుంది, ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, మైనర్ల విషయంలో శిక్ష ఎక్కువ. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ బస్తా పక్కన పాట పాడే వీడియో ఒకటి బయటికి వెళ్తే కేసు పడేది మీ మీద కాదు, ఆ ఊళ్ళో ఉండే పాస్టరు గారి మీద. మీరు సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు, ఆయన ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. విశ్వాసుల ఇళ్ళలో ప్రార్థన చేయమని వాళ్ళే అడిగితే వేరే రోజు, ఖాళీ చేతులతో వెళ్ళండి. నాలుగు నెలలు అడవిలో ఉన్నవాళ్ళకి పక్కన కూర్చొని వాళ్ళు చెప్పేది వినే మనిషి కూడా కావాలి. రాత్రి కుక్క మొరిగితే లేచి కూర్చునే పిల్లలు ఉంటారు, వాళ్ళ తల్లి చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి, క్షమించమని మొదటి రోజే బోధించకండి.

అమెరికాలో మీ అన్నయ్య స్నేహితులు డాలర్లు పంపుతారన్నావు. వద్దు. విదేశీయుల డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళు కూడా ఆ లెక్కలో విదేశీయులే. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బు మీకు మళ్ళించలేదు.

పంచే రోజు సంగతి క్లుప్తంగా చెప్తా. పగటిపూట, బడి ఆవరణలోనో సంత మైదానంలోనో పెట్టండి, చర్చి దగ్గర వద్దు. జాబితా రెండు వైపుల పెద్దలు కలిసి చూడాలి, ఆడవాళ్ళ పేరు మీదే రాయండి, అలా రాస్తే మగవాళ్ళు లేని ఇళ్ళు జాబితాలోంచి జారిపోవు. అందరి ముందు తూకం వేయండి. బ్యానరు కట్టకండి, చేయి చాచిన మనిషిని ఫొటో తీయకండి. సర్పంచ్‌కి, పోలీసు స్టేషన్‌కి ముందే ఒక కాగితం ఇచ్చి రండి.

మిగిలిన డబ్బు విత్తనానికి దాచండి. దక్షిణ సూడాన్‌లో నేను ఉన్నచోట జనం తుపాకులకి భయపడి చిత్తడి నేలల్లోకి పారిపోయి కలువ దుంపలు, చేపలు తిని బతికారు. 2017 ఫిబ్రవరిలో అక్కడ లీర్, మాయెండిట్ ప్రాంతాల్లో కరువు అని ప్రకటించారు, కానీ అంతకు ముందు రెండు మూడేళ్ళుగా వాళ్ళు విత్తే రోజుల్లో పొలంలో నిలబడలేకపోయారు. ఆకలితో ఉన్నవాళ్ళకి విత్తనం ఒక్కటే ఇస్తే వండుకు తింటారని కూడా అక్కడే నేర్చుకున్నాను, అందులో వాళ్ళ తప్పేం లేదు, విత్తనంతో పాటు మొలకెత్తేదాకా తినడానికి ధాన్యం ఇవ్వాలి. మీ ఊరికైతే చోళ్ళు, సామలు, కందులు, అక్కడి రకాలే, పక్క ఊళ్ళలో ఇప్పుడు నూర్పిళ్ళ మీద ధర తక్కువ ఉన్నప్పుడే కొనండి. చోళ్ళు నారు పోసి నాటితే ఎకరానికి రెండు కిలోలు చాలు, వెదజల్లితే నాలుగైదు. అన్ని ఇళ్ళకీ కలిపి ఖర్చు పది పదిహేను వేలు దాటదు. మే నెలలో, జూన్ మధ్యలో వచ్చే రజో పండగకి ముందే చేతికి ఇవ్వాలి. జూలైలో ఇచ్చిన విత్తనం పొయ్యి మీదికే వెళ్తుంది.

కాబట్టి ఈ వారం ఇద్దరే వెళ్ళండి, ఒకరు కంధుల భాష కుయి మాట్లాడే అక్క అయితే మంచిది. ఏమీ తీసుకెళ్ళకండి. రెండు వైపులా టీ తాగండి, అంగన్‌వాడీ రిజిస్టరు చూడండి, ఎన్ని ఇళ్ళలో కార్డులు ఉన్నాయో రాసుకోండి. మంచినీళ్ళ బావి గానీ బోరింగు గానీ ఎవరి వీధిలో ఉంది, అక్కడికి ఇప్పుడు ఎవరెవరు వస్తున్నారు, ఎవరు రావడం మానేశారు, అది ఉదయం పూట ఒక గంట కూర్చొని చూసి ఇక్కడ రాయి. డబ్బు దేనికి ఎంత పెట్టాలో అప్పుడు కలిసి లెక్క వేద్దాం.